60 వేలలో కెఫే రేసర్: కట్టి ఉన్న బండి కొనాలా, మనమే కట్టించుకోవాలా?

ఓరుగల్లు పోరడు (హన్మకొండ), 10 జూన్ 2025, రాత్రి 10:40

అన్నలకు, అక్కలకు నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. ఉద్యోగం నక్కలగుట్టలో, ఇల్లు వడ్డేపల్లి వైపు. కెఫే రేసర్ పిచ్చి, అంటే మామూలు బండికి పాతకాలం రేసు బండి పోలిక తెచ్చుకునే పిచ్చి, ఇంటర్ నుంచి ఉంది. ఇప్పుడు చేతిలో 60 వేలున్నాయి. 60 అంటే 60, పైన ఒక్క రూపాయి లేదు.

కరీంనగర్‌లో ఒక బండి అమ్మకానికి ఉంది. పాత బుల్లెట్ 350 మీద కట్టించిందట. 58 వేలు చెప్తున్నాడు. ఫొటోలు చూసినప్పటి నుంచి నిద్ర లేదు. కిందికి వంగిన హ్యాండిల్, వెనకాల హంప్ సీటు (చివర గూనులా లేచి ఉండే ఒక్క మనిషి సీటు), గుండ్రటి హెడ్‌లైటు, సైలెన్సర్ పైపుకు తెల్ల పట్టీ చుట్టి ఉంది. "కాగితాలన్నీ క్లియర్, ఆర్సీ మాత్రం నా పేరు మీద లేదు, పాత ఓనర్ పేరు మీదే నడుస్తోంది, అది మామూలే" అన్నాడు. ఆదివారం పోయి తెచ్చుకుందామనుకుంటున్నా. ఏమేం చూడాలో చెప్పండి.

సాసర్ చాయ్ (కాజీపేట), 10 జూన్, రాత్రి 10:52

"అది మామూలే" అన్న మాట దగ్గరే నేనైతే ఫోన్ పెట్టేసేవాణ్ణి. ఎక్కువ డబ్బులు మింగేవన్నీ ఆ మామూలు సంగతులే తమ్మీ.

ఖని 535 (గోదావరిఖని), 10 జూన్, రాత్రి 11:15

ఇంకో ఏడాది ఆగు, డబ్బులు పోగేసి ఫ్యాక్టరీ నుంచే కెఫే రేసర్‌గా వచ్చిన బండి తీసుకో. నా దగ్గరున్నది రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 535, 2015 మోడల్. రెండేళ్ల కింద లక్షా 35 వేలకు దొరికింది. 2013లో వచ్చి, 2018లో రెండు సిలిండర్ల 650 దిగాక ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. క్లిప్-ఆన్ హ్యాండిళ్లు (ముందు ఫోర్కులకు రెండు పక్కలా విడివిడిగా బిగించేవి), వెనక్కి జరిగిన ఫుట్‌రెస్టులు, 18 అంగుళాల స్పోక్ చక్రాలు అన్నీ కంపెనీవే. ఆర్టీఏ వాళ్లు గానీ పోలీసులు గానీ ఇప్పటిదాకా ఒక్క ప్రశ్న అడగలేదు, ఆర్సీలో ఉన్నదీ బండి మీద ఉన్నదీ ఒక్కటే కదా. పెద్ద సింగిల్ సిలిండర్ కాబట్టి 100 దాటితే అదురుకు అద్దాల్లో వెనకున్న లారీ లారీలా కనబడదు. దానికి నేను అలవాటు పడ్డా.

సాసర్ చాయ్, 10 జూన్, రాత్రి 11:21

జేబులో 60 ఉందంటే లక్షా 35 బండి చూపిస్తావేం కాకా. ఆకలైతోందన్నవాడికి పెళ్లి భోజనం ఫొటో పంపినట్టుంది.

లేత్ కాకా (వరంగల్), 11 జూన్, ఉదయం 6:05

పొద్దున్నే షట్టర్ ఎత్తకముందు రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

తమ్మీ, కట్టి ఉన్న బండి కొనడమంటే వేరేవాడి వెల్డింగ్‌ను నమ్మి దాని మీద కూర్చోవడం. నా షాపుకు ఇలాంటివి నెలకు ఒకటి రెండు వస్తాయి, ఎక్కువగా వెనక భాగం ఊగుతోందనే వస్తాయి. హంప్ సీటు పొట్టిగా కనబడాలని ఫ్రేమ్ వెనక పైపులు కోసేస్తారు. వెనక షాకప్పులు పైన ఎక్కడ బిగిస్తారో చూడు, బరువంతా మోసేది ఆ చోటే. దానికి వెనకాల నాలుగు వేళ్లు కోసి అర్ధచంద్రం పైపు అతికిస్తే పెద్ద ప్రమాదం లేదు. దానికి ముందు కోస్తే, లేదా ఆ బోల్టు పక్కనే కొత్త వెల్డింగ్ ఉంటే, ఆ బండి దగ్గర చాయ్ కూడా తాగకుండా వచ్చేయ్.

ఫొటోలో నున్నగా కనబడేది వెల్డింగ్ కాదు, దాని మీద గుంటలు పూడ్చడానికి పూసిన పుట్టీ. అయస్కాంతం ముక్క జేబులో వేసుకుపో. పుట్టీ మందంగా ఉన్నచోట అది గట్టిగా పట్టదు.

సైలెన్సర్‌కు చుట్టిన ఆ తెల్ల పట్టీ మన వానల్లో నీళ్లు పట్టి ఉంచుతుంది. లోపల పైపు తుప్పు పట్టి జల్లెడైపోయినా పైకి తెలియదు. స్టైల్ కోసం చుట్టాడా, చిల్లు దాచడానికి చుట్టాడా అనేది విప్పితేనే తెలుస్తుంది.

ఫారం 29 (కరీంనగర్), 11 జూన్, ఉదయం 9:30

కాగితాల సంగతి నేను చెప్తా, నా పనే అది.

ముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూడు. ఓనర్ పేరులో కొన్ని అక్షరాలే కనబడతాయి, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఆర్సీ గడువు ఎప్పటిదాకా అన్నీ ఉంటాయి. తర్వాత తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో అదే నంబర్ కొట్టు. 

బండి పేరు మారాలంటే ఫారం 29, ఫారం 30 మీద ఆర్సీలో ఉన్న మనిషి సంతకాలే కావాలి. మధ్యలో అమ్మే అతని సంతకం పనికిరాదు. ఆ అసలు ఓనర్ దుబాయ్‌లో ఉంటే? చనిపోయి ఉంటే? అలాంటప్పుడు పని అంత తేలిగ్గా కాదు. ఫైనాన్స్ ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కూడా. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని చట్టంలోనే ఉంది. పేరు మారేదాకా ఆ బండి గుద్దినా, దొంగతనంలో వాడినా నోటీసు పోయేది ఆర్సీలో ఉన్నాయన ఇంటికే. అందుకే తెలిసినవాడెవడూ "తర్వాత మార్చుకో" అనడు.

ఇక మార్పుల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు, అంటే ఆర్సీలో ఎక్కినవాటికి, తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చడం, ఫ్రేమ్ కోయడం దీని కిందికే వస్తాయి. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్సీలో రాయించుకోవాలి. అద్దాలు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు, మడ్‌గార్డు పీకేసి రోడ్డెక్కితే నువ్వే ట్రాఫిక్ వాళ్లకు చేయి ఊపి పిలిచినట్టు.

పాత టైరు (మంచిర్యాల), 11 జూన్, మధ్యాహ్నం 1:10

చట్టం చట్టం అంటే ఇక బండి ఎందుకు, బస్సు పాస్ తీసుకోమనండి. మా దగ్గర సైలెన్సర్ లేకుండా తిరిగేవాళ్లను ఎవడూ ఆపడు.

ఫారం 29, 11 జూన్, మధ్యాహ్నం 1:25

ఆపనంతకాలం ఆపరు. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు ఫ్రేమ్ ఫొటో తీస్తారు చూడు, ఆ రోజు తెలుస్తుంది.

నీలి ఆర్ఎక్స్ (నర్సంపేట), 11 జూన్, రాత్రి 8:45

నేను చేసిన తప్పు చెప్తా, తమ్ముడు ఇంకో కొత్త తప్పు చేసుకోవచ్చు.

మా నాన్న ఆర్ఎక్స్ 100 ఉండేది, 1994 మోడల్. ఆరేళ్ల కింద మోజు పుట్టి వెనక మడ్‌గార్డు కోయించా, సీటు సగం చేయించా, వంగిన హ్యాండిల్ పెట్టించా. మొదటి వానకే నర్సంపేట నుంచి వరంగల్ వచ్చేసరికి నా వీపు మీద నడుము నుంచి మెడ దాకా ఎర్రమట్టి గీత. కాలేజీలో ఎవరో "వెనకాల ముగ్గు వేసుకొచ్చావా" అన్నారు. సరే, అది నవ్వుకునే విషయం. ఏడుపొచ్చే విషయం ఏంటంటే, 1996లో ఆగిపోయిన ఆ బండికి ఇప్పుడు ఒరిజినల్‌గా ఉంటే లక్ష కూడా అడుగుతున్నారు. కోసిన నా బండిని ఎవరూ అడగరు. అసలు మడ్‌గార్డు కోసం హైదరాబాద్ పుత్లీబౌలీలో మూడుసార్లు తిరిగా, దొరికింది కూడా రేకు పల్చటి డూప్లికేట్.

ఏం చేయించినా, విప్పితే మళ్లీ మొదటికి వచ్చేలా చేయించుకో. విప్పిన ప్రతి సామానూ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టు.

ఇంకోటి. నాది 5 అడుగుల 1 అంగుళం. హ్యాండిల్ అంత కిందికి పోయేసరికి బరువంతా మణికట్ల మీద పడింది. హ్యాండిల్ ఒక్కటి దించి ఫుట్‌రెస్టులు ముందే ఉంచితే మనిషి మడత మంచంలా అయిపోతాడు. ఆ రెండూ కలిపి జరగాలి.

ఓరుగల్లు పోరడు, 15 జూన్, రాత్రి 9:20

పోయొచ్చా. కొనలేదు.

మొత్తం చెప్తా. పొద్దున ఏడింటికి బయల్దేరి హుజూరాబాద్‌లో ఇడ్లీ తిని తొమ్మిదికల్లా చేరుకున్నా. బండి నిజంగానే అందంగా ఉంది, అది ఒప్పుకోవాలి. నేను పోయేసరికి ఇంజిన్ వేడిగా ఉంది. "ఇప్పుడే కడిగి ఎండబెట్టడానికి స్టార్ట్ చేశా" అన్నాడు. కడిగిన తడి ఎక్కడా లేదు. చల్లారే దాకా కూర్చుంటా అన్నా, మొహం మారింది. ముప్పావు గంట కూర్చున్నా. చల్లారాక కొడితే పదకొండో కిక్కుకు స్టార్టైంది, వెనకాల నీలం పొగ.

హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పా. నా బొటనవేలు ట్యాంకుకూ గ్రిప్పుకూ మధ్య ఇరుక్కుంది. ఇప్పటికీ గోరు నల్లగా ఉంది. తిప్పినప్పుడల్లా ఇంజిన్ రేస్ పెరుగుతోంది కూడా.

చివరికి హ్యాండిల్ కింద మెడ పైపు మీద చాసిస్ నంబర్ చూశా. మొదటి అంకెలు కనబడుతున్నాయి, చివరి నాలుగు నల్ల పెయింట్ కింద ఉన్నాయి. గోటితో గీకితే పెంకులాగా పుట్టీ లేచింది. లోపల గ్రైండర్ గీతలు. అంకెలే లేవు. అతను "అది తుప్పు పడితే రుద్దించా" అన్నాడు. నేను ఫోన్ వచ్చిందని చెప్పి వచ్చేశా. నిజంగా ఫోన్ రాలేదు.

లేత్ కాకా, 15 జూన్, రాత్రి 9:48

58 వేలు మిగిలాయి. గోరు మళ్లీ వస్తుంది.

ఫారం 29, 15 జూన్, రాత్రి 9:55

నంబర్ రుద్దిన బండి అంటే దొంగబండి అయినా కావచ్చు, రెండు బండ్లు కలిపి ఒకటి చేసింది అయినా కావచ్చు. ఏదైనా సరే, నీ ఇంటి ముందు ఉన్నంతవరకూ జవాబు చెప్పాల్సింది నువ్వే. మంచి పని చేశావ్.

ఓరుగల్లు పోరడు, 16 జూన్, ఉదయం 8:00

ఇప్పుడు ఏం చేయాలి? అదే డబ్బులతో నేనే కట్టించుకుంటే ఏ బండి మీద? మంచి పాత 350 అయితే 60కి బండే వస్తుంది, పనికి మిగలవు.

లేత్ కాకా, 16 జూన్, రాత్రి 10:10

కొంచెం పెద్దగా రాస్తా, ఇవాళ కరెంటు పోయి షాపు తొందరగా మూసేశా.

ఇంగ్లండ్‌లో 1950ల్లో, 60ల్లో ఈ బండ్లు కట్టుకున్న కుర్రాళ్లు డబ్బున్నోళ్లు కాదు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కెఫే అని లారీ డ్రైవర్లు ఆగే హోటల్. అక్కడ చేరి, ఇంటి బండికి రేసు బండి పోలిక తెచ్చుకునేవాళ్లు. గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, అందుకోవడమే వాళ్ల పిచ్చి. గాలి కొట్టకుండా హ్యాండిల్ దించారు, వంగితే కాళ్లు వెనక్కి పోతాయి కాబట్టి ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారు, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు వెనక్కి జారకుండా సీటుకు హంప్ పెట్టారు, బరువు తగ్గాలని అక్కరలేనివి పీకేశారు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. నీకు నక్కలగుట్ట సిగ్నల్ దగ్గర 160 అక్కర్లేదు. కాబట్టి నీకు కావాల్సింది ఆ గీత, ఆ కూర్చునే తీరు. దానికి పెద్ద ఇంజిన్ అవసరం లేదు.

బండిని పక్క నుంచి చూడు. ట్యాంకు అడుగు నుంచి సీటు చివరి దాకా ఒక్క దారం కట్టినట్టు తిన్నగా రావాలి. ఆ గీత ఉంటే 100 సీసీ బండి కూడా కెఫే రేసర్‌లా కనబడుతుంది. అది లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా పెళ్లికొడుక్కి పొట్టి ప్యాంటు తొడిగినట్టే. వెనక రెండు షాకప్పులున్న పాత కమ్యూటర్ బండ్లలో ఆ గీత తేలిగ్గా వస్తుంది. వెనక ఒక్కటే షాకప్పు ఉన్న మోనోషాక్ బండ్లలో తోక పైకి లేచి ఉంటుంది, కోయకుండా రాదు.

నన్నడిగితే పాత స్ప్లెండరో హోండా షైనో చూడు. సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది. ఒక్కరే వాడిన బండి, కోయనిది, కింద పడనిది. 30 లోపల తెచ్చుకుంటే ఇంకో 30 నీ చేతిలో ఉంటుంది.

ఖని 535, 16 జూన్, రాత్రి 10:30

షైన్ మీద కెఫే రేసరా? 125 సీసీ? దాన్ని చాయ్ రేసర్ అంటారు.

సాసర్ చాయ్, 16 జూన్, రాత్రి 10:33

మరి మన దగ్గర ఉన్నది చాయ్ హోటళ్లే కదా. కాజీపేట స్టేషన్ ముందు దాకా రేసు, ఓడినవాడు నాలుగు చాయ్‌లు. పేరు ఖాయం చేస్తున్నా.

ఓరుగల్లు పోరడు, 20 జూలై, సాయంత్రం 6:15

నెల తిరిగా. పదమూడు బండ్లు చూశా. ఇవాళ తీసుకున్నా: హోండా షైన్, 2012 మోడల్, నలుపు, ముందు డిస్క్. పరకాలలో ఒక రిటైర్డ్ సార్‌ది. 26,500. సర్వీసు బిల్లులన్నీ కవర్లో పెట్టి దారం కట్టి ఇచ్చారు. బండి అమ్మేటప్పుడు ట్యాంకు మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డారు, నాకు కొంచెం మనసు అదోలా అయింది. ఏం చేయబోతున్నానో చెప్పలేదు.

ఈసారి చల్లని ఇంజిన్ ముట్టుకుని చూశాకే స్టార్ట్ చేయించా. రెండో కిక్కు. పొగ లేదు. మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ అని చిన్న ఆట ఉంది. చైన్ వదులు, స్ప్రాకెట్ పళ్లు సొరచేప పళ్లలా ఉన్నాయి. ఇవి చూపించి 29 నుంచి 26,500కి దించా.

ఫారం 29, 20 జూలై, సాయంత్రం 6:40

ఆ ఆట కోన్ సెట్‌ది, అంటే హ్యాండిల్ మెడలో ఉండే బేరింగులది. పెద్ద ఖర్చు కాదు. 2012 అంటే 15 ఏళ్ల ఆర్సీ 2027లో అయిపోతుంది, అప్పుడు బండి చూపించి రెన్యువల్ చేయించాలి. చూపించే రోజుకు బండి బండిలా ఉండాలి, గుర్తుపెట్టుకో. సార్ సంతకాలు ఇవాళే పెట్టించుకున్నావా?

ఓరుగల్లు పోరడు, 20 జూలై, సాయంత్రం 6:42

స్లాట్ బుక్ చేసి ఇద్దరం కలిసి పోతున్నాం. ఇన్సూరెన్స్ కూడా నా పేరు మీదకి మార్చమని రాసిచ్చా.

లేత్ కాకా, 20 జూలై, రాత్రి 9:00

మంచిది. ఇప్పుడు ఆగు. ముందు అందానికి ఒక్క రూపాయి పెట్టకు. చైన్ స్ప్రాకెట్, కోన్ సెట్, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, టైర్లు. బండి తిన్నగా నడిచి, తిన్నగా ఆగాక నా దగ్గరికి రా. టైర్లు లావువి వేయించకు, రిమ్ముకు తగినవే వేయించు. 125 ఇంజిన్‌కు లావు టైరంటే ఎద్దుకు రెండు బండ్లు కట్టినట్టు.

ఓరుగల్లు పోరడు, 24 ఆగస్టు, రాత్రి 11:30

పని సగమైంది. కాకా షాపులో మూడు ఆదివారాలు గడిచాయి.

సీటు: పాత సీటు కింద ముందు కొక్కెం, వెనక బోల్టులు ఎక్కడున్నాయో అచ్చంగా అట్టముక్క మీద గీసి, దాని ప్రకారం రేకుతో కొత్త అడుగు చేశారు కాకా. ఫ్రేమ్ మీద బ్లేడు పెట్టలేదు. షైన్ ఫ్రేమ్ వెనక కొంచెం పైకి లేస్తుంది, ఆ లేపును ఫోమ్‌తో సరిచేశాం: ముందు మందంగా, హంప్ దగ్గర పల్చగా. సీటు కుట్టే అతను మొదట మెత్తటి ఫోమ్ వేయబోతే కాకా చేతిలోంచి లాక్కుని "ఇది సోఫా కాదు" అని గట్టి ఫోమ్ తెప్పించారు. గోధుమ రంగు రెగ్జిన్, నిలువు కుట్లు.

హ్యాండిల్: క్లిప్-ఆన్లు కాదు, కిందికి వంగిన ఒకే పైపు హ్యాండిల్. పాత క్లాంపుల్లోనే కూర్చుంది. కేబుల్ పొడవు మిగిలి లూపులా నిలబడింది, దాన్ని హెడ్‌లైటు వెనక నుంచి తిప్పి తెచ్చాం. స్టార్ట్ చేసి అటు చివరికీ ఇటు చివరికీ తిప్పితే రేస్ మారలేదు. బొటనవేలు కూడా ఇరుక్కోలేదు, రెండుసార్లు చూసుకున్నా.

ఫుట్‌రెస్టులు: వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టు బోల్టులకు మందపాటి ప్లేట్లు కట్టి, గేరుకు రాడ్డు, రెండు చివర్లా రోజ్ జాయింట్లు (అటూ ఇటూ తిరిగే కీళ్లు). వెనక డ్రమ్ బ్రేకు రాడ్డు పొడవు తగ్గించాల్సి వచ్చింది. పాత రాడ్డు కోసి అతుకుదామన్నా. కాకా నా మొహంలోకి చూసి ఏమీ అనకుండా కొత్త రాడ్డుకు మర పెట్టారు.

లేత్ కాకా, 25 ఆగస్టు, ఉదయం 6:10

బ్రేకు రాడ్డుకు అతుకు వేయమని అడిగినవాణ్ణి ఏమనాలో నాకు తెలుగులో తెలుసు గానీ ఇక్కడ రాయకూడదు.

పాత టైరు, 25 ఆగస్టు, ఉదయం 9:15

గాలి ఫిల్టర్ ఉండే ఎయిర్ బాక్స్ డబ్బా పీకి, బయటికి కనబడే కోన్ ఫిల్టర్ పెట్టు తమ్మీ, సౌండ్ మారిపోతుంది. ఖాళీ సైలెన్సర్ కూడా పెడితే అప్పుడు బండి.

లేత్ కాకా, 25 ఆగస్టు, ఉదయం 9:40

పెట్టకు. గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్ మార్చి ట్యూన్ చేసుకోకుండా ఫిల్టర్ మార్చడం ఉప్పు చూడకుండా చారు పోసుకోవడమే.

ఓరుగల్లు పోరడు, 14 సెప్టెంబర్, రాత్రి 10:05

కాకా, తిట్టొద్దు. పెట్టా.

నిన్న ములుగు రోడ్డు మీద వాన. ఆత్మకూరు దాటాక యాక్సిలరేటర్ తిప్పితే ఫట్ ఫట్ అని వెనక్కి కొట్టడం మొదలైంది. ఇంకో రెండు కిలోమీటర్లకు ఆగిపోయింది. చూస్తే కోన్ ఫిల్టర్ నేరుగా వెనక చక్రం చిమ్మే నీళ్లకు ఎదురుగా ఉంది, పిండితే నీళ్లు కారాయి. రోడ్డు పక్క రేకుల కింద గంటన్నర నిలబడ్డా. పక్కనున్న తాత ఒకాయన సీటు వైపు చూసి, "వెనక కూర్చునేవాళ్లు దిగిపోయారా బిడ్డా" అని అడిగాడు.

ఇవాళ అటక మీద నుంచి ఎయిర్ బాక్స్ దించి పెట్టేశా. అక్కా, గోనెసంచి మాట చెప్పినందుకు దండం.

నీలి ఆర్ఎక్స్, 14 సెప్టెంబర్, రాత్రి 10:20

నేను అన్నాను కదా, కొత్త తప్పు చేసుకోవచ్చని. మడ్‌గార్డు ఉంచావు కదా? అయితే వీపైనా బతికింది.

ఓరుగల్లు పోరడు, 12 అక్టోబర్, మధ్యాహ్నం 3:30

పూర్తయింది. ఫొటోలు కింద పెట్టా. ఆర్సీలో నలుపు అని ఉంది కాబట్టి నలుపే, స్టిక్కర్లు పీకి ట్యాంకు మీద రెండు సన్న బంగారు గీతలు. అద్దాలు, ఇండికేటర్లు, చీర గార్డు, సైలెన్సర్ అన్నీ కంపెనీవే. హెడ్‌లైటు గుండ్రటిది, మామూలు బల్బే. ముందు ఎల్ఈడీ పెడితే రేస్ ఇచ్చినప్పుడల్లా మినుకుమినుకుమంది. హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, ఇంజిన్ నుంచి నేరుగా వచ్చే ఏసీ లైన్ మీద నడుస్తోందని ఎలక్ట్రీషియన్ చెప్పాకే తెలిసింది. 350 రూపాయలు ఖాళీ.

లెక్క అడిగినవాళ్ల కోసం: బండి 26,500, పేరు మార్పు, ఇన్సూరెన్స్ 3,100, చైన్ దగ్గర్నుంచి క్లచ్ దాకా మెకానిక్ పని 5,400, టైర్లు 4,300, హ్యాండిల్ 850, సీటు 3,400, ఫుట్‌రెస్టు ప్లేట్లు, లేత్ పని 2,600, హెడ్‌లైటు, బ్రాకెట్లు 1,350, పెయింట్ 2,800. పనికిరాని ఫిల్టర్, ఎల్ఈడీతో కలిపి చిల్లర 1,700. మొత్తం 52,000. మిగిలిన దాంట్లో మంచి హెల్మెట్, గ్లోవ్స్ తీసుకున్నా.

స్పీడు ఒక్క కిలోమీటరు పెరగలేదు. లక్నవరం పోయొచ్చా, మణికట్లు రెండు రోజులు పట్టేశాయి. కానీ ఆఫీసు కింద పార్కింగ్‌లో పెట్టి పది అడుగులు నడిచాక వెనక్కి తిరిగి చూడకుండా పోలేకపోతున్నా.

ఖని 535, 12 అక్టోబర్, సాయంత్రం 4:00

గీత బాగా వచ్చింది. ఒప్పుకుంటున్నా. మణికట్లు నొప్పెడితే పొట్ట బిగించి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని కూర్చో, చేతుల మీద వాలకు. ఒక ఆదివారం రామప్ప పోదాం, నేను 70 దాటను.

సాసర్ చాయ్, 12 అక్టోబర్, సాయంత్రం 4:04

నువ్వు 70 దాటవు, వాడు దాటలేడు. మంచి జోడీ.

పాత టైరు, 12 అక్టోబర్, రాత్రి 7:30

సౌండ్ లేదు కానీ బండి బాగుంది. ఆ సీటు వాళ్ల అడ్రస్ మెసేజ్ చెయ్ తమ్మీ. నాది కూడా షైనే.

ఓరుగల్లు పోరడు, 11 జనవరి 2026, రాత్రి 9:50

చిన్న అప్‌డేట్. ఈసారి జాతర రద్దీ కాకముందే మేడారం పోయి బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు) ఇచ్చి రావాలని అమ్మ మొక్కు. బస్సులో పోదామంటే, "ఇంట్లో అంత ఖర్చు పెట్టిన బండి ఉంది కదా" అంది. నేను సీటు చూపించా. ఆమె హంప్ మీద చెయ్యి వేసి, "ఇక్కడ నేనా, బెల్లమా?" అని అడిగింది.

పొద్దున గోనెసంచి దించా. సీటు మార్చడానికి పది నిమిషాలు, ప్లేట్లు విప్పి పాత ఫుట్‌రెస్టులు, గేరు, బ్రేకు రాడ్డు వేయడానికి గంట. హ్యాండిల్ మాత్రం అలాగే ఉంచా. ములుగు దగ్గర గట్టమ్మ గుడి వద్ద ఆగి కొబ్బరికాయ కొట్టాం. పస్రా దాకా అమ్మ ఏమీ మాట్లాడలేదు, తర్వాత వెనక నుంచి భుజం తట్టి, "ఏం పడిపోయిందిరా, కిందికి వంగి వెతుకుతున్నావ్?" అంది.

హంప్ సీటు ఇప్పుడు ముందు గదిలో మేకుకు వేలాడుతోంది. శనివారం మళ్లీ ఎక్కిస్తా. కాకా, ప్లేట్ల బోల్టు ఒకటి మర పోయింది, రేపు పొద్దున షాపు ఎన్నింటికి తెరుస్తావ్?

లేత్ కాకా, 12 జనవరి, ఉదయం 6:02

తెరిచే ఉంది. మేడారం ప్రసాదం మరిచిపోకు.